దయ్యానికి పూచీకత్తు

మా తిరుత్తణిలో ఇద్దరు తత్త్వవేత్తలు పుట్టారని నేను స్నేహితుల దగ్గర అంటుంటాను. ఒకరు 1888 సెప్టెంబరు 5న పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. ఆయన సంగతి లోకానికి తెలుసు. రెండోది మా మేనత్త. ఆమె సంగతి కొండకింద నాలుగు వీధులకు మాత్రం తెలుసు. ఆయన బ్రహ్మాన్ని గురించి విచారించారు. మా అత్త దయ్యాలను గురించి విచారించింది.

విచారించడమంటే పుస్తకాలు తిరగెయ్యడం కాదు. ఎవరింట్లో దయ్యం తిరుగుతోందని కబురు వచ్చినా, వంట ముగించి, చేత అడకత్తెర పట్టుకుని బయల్దేరేది. అడకత్తెర ఎందుకత్తా అని అడిగితే, "ఇనుముంటే దయ్యం దగ్గరికి రాదంటారు గదరా. రాకపోతే కూచుని వక్కయినా కత్తిరించుకోవచ్చు" అనేది. మామ అరక్కోణం రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన దయ్యాలన్నిటినీ నమ్మేవాడు. అత్త ఒక్కదాన్నీ నమ్మేది కాదు, కాని ప్రతిదానికీ దండం పెట్టేది. "లేకపోతే పోయేదేముంది, ఉంటే మర్యాదగా ఉంటుంది" అని ఆమె లెక్క. పాస్కల్ అనే ఫ్రెంచి గణితవేత్త పదిహేడో శతాబ్దంలో దేవుడి విషయంలో ఇలాంటి లెక్కే వేశాడని బి.కాం. పూర్తయిన చాలా ఏళ్ళకు ఎక్కడో చదివి, ఈయనకు మా అత్త ఎలా తెలుసా అనుకున్నాను.

ఇంటిల్లిపాదీ ఈ పనిలో ఉండేవాళ్ళం. అవ్వకు రెండు చెవులూ వినపడవు, అయినా రాత్రిపూట గజ్జెల చప్పుడు మొదట విన్నది తానేనని సాధించేది. అత్త కూతురు టార్చిలైటు పట్టుకునేది. నాకు చేతిరాత బాగుంటుందని నోటుబుక్కు అప్పగించారు. దయ్యం ఏ రోజు, ఏ వేళ, ఎంతసేపు వచ్చిందో పద్దు రాయడం నా ఉద్యోగం. తర్వాత ముప్ఫై ఏళ్ళకు పైగా బ్యాంకులో చేసింది కూడా దాదాపు అదే పని.

ఆ నోటుబుక్కులో మొదటి కేసు మా వీధిదే. ఒకరింట్లో అర్ధరాత్రి దాటాక అటక మీద ఇత్తడి గిన్నెలు వాటంతటవే గణగణమనేవి. ఆ ఇంటి పెద్దాయన పోయి ఏడాది కాలేదు, ఆయన ఇత్తడి వ్యాపారి. ఇంకేం కావాలి? పది రాత్రులు పద్దు రాశాం. ఎనిమిది రాత్రులు దయ్యం ఒకే వేళకు వచ్చింది. రెండు రాత్రులు ఇరవై నిమిషాలు లేటు. లేటు అనే మాట వినగానే మామ తలెత్తి చూశాడు. మర్నాడు వర్క్‌షాపులో విచారించుకొచ్చాడు. ఆ రెండు రాత్రులూ బొంబాయి వైపు వెళ్ళే బండి ఇరవై నిమిషాలు ఆలస్యంగా నడిచిందట. ఇల్లు పట్టాలకు దగ్గర, అటక చెక్క వదులు. రెండు మేకులు కొడితే దయ్యం వదిలింది. మామ మాత్రం చాలాకాలం బాధపడ్డాడు, తన చేతులతో తానే ఒక దయ్యాన్ని పోగొట్టానని.

ఇలాంటి కథలంటే మనకెందుకింత ఇష్టమో అప్పుడప్పుడూ ఆలోచిస్తుంటాను. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు అద్దెకు తెచ్చుకుని చదివిన తరం మాది. 1947లో మద్రాసులో మొదలైన చందమామలో దయ్యాలు మనుషుల కంటే అమాయకంగా ఉండేవి, భయపెట్టడం చేతకాక ఏడ్చేవి. ఆగథా క్రిస్టీ 1930లో మిస్ మార్పుల్ అనే ముసలావిడను పెట్టి నవల రాసింది. ఆవిడ ఊలు అల్లుకుంటూ కూచుని, ఊళ్ళోవాళ్ళ నడతలు పోల్చి చూసి హంతకుణ్ణి పట్టేస్తుంది. ఈ కథలన్నిటికీ ఒక ఒప్పందం ఉంది. మొదట భయం, మధ్యలో నవ్వు, చివరికి నిజం. నిజం బయటపడితే అందరికీ మేలే జరుగుతుందని పాఠకుడికి ముందే హామీ ఇచ్చినట్టు. బండి శబ్దానికి గిన్నెలు మోగాయంటే ఎవరికీ నష్టం లేదు. నిజం చెబితే ఒకరికి దెబ్బ తగిలే చోట పరిశోధకురాలు ఏం చెయ్యాలన్నది ఆ కథల్లో సాధారణంగా రాదు. నేను రాయదలచుకున్నది దాన్ని గురించే.

1984 ఆడి నెల. నాకు పద్నాలుగేళ్ళు. కృత్తిక కావళ్ళ రద్దీ తగ్గాక, తిరుత్తణి నుంచి పొదటూరుపేట వైపు వెళ్ళే దారిలో ఒక ఊరి నుంచి అత్తకు పిలుపొచ్చింది. ఊరి పేరు రాయను. తెలుగు మాట్లాడే నేతవాళ్ళ ఇల్లు, రెండు మగ్గాలు. కొడుకు మొదటి భార్య రెండేళ్ళ కిందట తెల్లవారుజామున నీళ్ళకు వెళ్ళి బావిలో పడి పోయింది. కాలు జారిందన్నారు. రెండో కోడలు వచ్చి ఎనిమిది నెలలయింది, పంతొమ్మిదేళ్ళ పిల్ల, తిరువళ్ళూరు వైపు పుట్టిల్లు. ఇప్పుడు ఆ పోయినామె ఈమె మీదికి వస్తోంది. వచ్చినప్పుడు జుట్టు విరబోసుకుని, అత్తను పట్టుకుని "తూంగ విడుంగడీ, తూంగ విడుంగడీ" అని అరుస్తుంది. నన్ను నిద్రపోనివ్వండే అని.

పద్దు రాశాం. మూడు వారాల్లో దయ్యం ఆరుసార్లు వచ్చింది. అన్నీ గురు, శుక్రవారాలే. శుక్రవారం దయ్యాలకు విశేషమని మామ అన్నాడు. అత్త ఆ ఇంటి మగ్గాల దగ్గర కూచుని వక్క కత్తిరిస్తూ మాటల్లో తెలుసుకున్నదేమంటే, శనివారం పొద్దున సావుకారుకు సరుకు అందించాలి, కనుక గురు, శుక్రవారాల్లో కోడలు రాత్రి పన్నెండు దాకా రాట్నం ముందు కూచుని కండెలు చుట్టాలి, మళ్ళీ నాలుగింటికి లేచి నీళ్ళు తోడాలి. దయ్యం పూనిన రాత్రి మాత్రం ఎవరూ ఆ పిల్లను పని చెప్పరు. వేపాకు వేసి పడుకోబెడతారు.

దానికి తోడు ఇంకొకటి. మొదటి కోడలు నగరి అవతల నుంచి వచ్చిన పిల్ల. ఇది మన పాఠకులకు విడమరచి చెప్పనక్కర్లేదు గాని, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసినప్పుడు నగరి ఆంధ్రలోనే ఉండిపోయింది. మాటా మంతీ, పెళ్ళిళ్ళూ మామూలుగానే సాగాయి, బడిభాషలు మాత్రం వేరయ్యాయి. ఆ పిల్లకు తమిళం ముక్క రాదట. కూరగాయలమ్మే ఆమెతో వేళ్ళు చూపించి బేరమాడేదని వీధిలో ఇప్పటికీ నవ్వుకుంటున్నారు. అలాంటిది దయ్యమై వచ్చి తిరువళ్ళూరు యాసలో చక్కటి తమిళం మాట్లాడుతోంది. అత్త నా నోటుబుక్కులో ఆ పక్కన వేలితో గీసి, "ఇక్కడ ఒక సున్నా చుట్టరా" అంది. సున్నా అంటే కేసు తేలిపోయిందని మా సంకేతం.

ఆ రాత్రి ఇంటివాళ్ళందరూ చుట్టూ కూచున్నారు. గిన్నెల కేసులోలాగే ఇప్పుడు అత్త నిజం చెప్తుంది, అందరం నవ్వుతాం అనుకున్నాను. అత్త కళ్ళు మూసుకుని చాలాసేపు కూచుంది. తర్వాత, "ఇది ఆ పిల్లే. అనుమానం లేదు" అంది. "దీపం పెట్టినాక మగ్గం చప్పుడు, రాట్నం చప్పుడు వినపడితే వదలదట. తెల్లారక ముందు ఈ ఇంటి ఆడపిల్ల బావి దగ్గరికి పోగూడదట. కోడలికి కడుపునిండా పెట్టండి, ఈమె తింటేనే దానికి ముట్టుతుందట." ముసలావిడ వణికిపోతూ అన్నిటికీ ఒప్పుకుంది. కోడలు గోడకు ఆనుకుని అత్త వైపు చూసిన చూపు నాకింకా గుర్తే.

బస్సులో నేను ఉండబట్టలేక, "తమిళం సంగతి చెప్పలేదేం అత్తా?" అన్నాను.

"చచ్చినాక నేర్చుకుందేమోలేరా. ఈడ బతకాలంటే మనమందరం నేర్చుకోలా?" అంది.

మా అత్త అబద్ధం చెప్పింది. చెప్పి ఒక పిల్లకు నిద్ర సంపాదించిపెట్టింది. ఇంతవరకైతే ఇందులో పెద్ద ధర్మసందేహమేమీ లేదు. మహాభారతం కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి చెప్పిన కౌశికుడి కథ అందరికీ తెలిసిందే. సత్యవ్రతమని దొంగలకు దారి చూపించి, జనం ప్రాణాలు పోవడానికి కారణమై నరకానికి పోయాడు. జర్మనీలో కాంట్ అనే తత్త్వవేత్త 1797లో దీనికి సరిగ్గా వ్యతిరేకంగా రాశాడు. హంతకుడు తలుపు తట్టి నీ స్నేహితుడు లోపలున్నాడా అని అడిగినా అబద్ధం చెప్పకూడదన్నాడు. కాంట్ గారింట్లో కండెలు చుట్టే కోడలు లేదు. నేను కౌశికుడి కథ వైపే ఉంటాను. కాని ఆ కథలో అబద్ధానికి ఖర్చు లేదు. దొంగలకు దారి తప్పించి చెబితే ఎవరికీ నష్టం లేదు. మా అత్త అబద్ధానికి ఖర్చు ఉంది. అది రెండు నెలల తర్వాత వచ్చింది.

కార్తీకంలో ఒక ముసలావిడ సంచి పట్టుకుని మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పోయిన పిల్ల తల్లి. నగరి అవతల పల్లె నుంచి బస్సు మారి వచ్చింది. ముందు ఆ నేతవాళ్ళ ఊరికి వెళ్ళి వీధిలో అందర్నీ అడిగి వచ్చిందట. వీధిలో వాళ్ళకు ఇలాంటివి చెప్పడమంటే పండగ, దయ్యం ఎలా జుట్టు విరబోసింది, ఏమేం మాటలన్నది అభినయించి మరీ చూపించారట. అన్నీ విని మా అత్త దగ్గరికి వచ్చింది. "నా బిడ్డతో నువ్వు మాట్లాడినావంట గదమ్మా. ఆకలిగా ఉందని ఏమన్నా అన్నిందా?" అని అడిగింది.

అత్తకు మాట రాకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తిరువాలంగాడు పక్కన పళయనూరు నీలి కథ తెలియని వాళ్ళు మన ప్రాంతంలో లేరు గాని, దూరాన ఉన్న పాఠకుల కోసం చెబుతాను. ఒక పురుషుడు డబ్బు కోసమో మరో కారణానికో తనను నమ్మి వచ్చిన భార్యను అడవిలో చంపాడు. మరుజన్మలో అతడు వ్యాపారిగా పుట్టాడు, ఆమె నీలి అనే పిశాచమయింది. అతని దగ్గర మంత్రించిన కత్తి ఉంది, అది ఉన్నంతసేపు ఆమె ముట్టుకోలేదు. పళయనూరులో ఆమె ఆడమనిషి వేషంలో, జెముడు కొమ్మను బిడ్డగా మార్చి చంకనెత్తుకుని, ఇతను నా మొగుడు, నన్ను వదిలేసి పోతున్నాడని ఊరి పెద్దల ముందు ఏడ్చింది. పెద్దలు డెబ్భై మంది వేళాళులు. ఇది మనిషి కాదు, నన్ను చంపుతుందని అతను మొత్తుకున్నాడు. బిడ్డ అతణ్ణి తండ్రీ అని పిలిచింది. పెద్దలు ఆమె మాటే నమ్మారు. నీకేమన్నా అయితే మా డెబ్భై మంది ప్రాణాలు పూచీ అని, కత్తి తీసి పక్కన పెట్టించి, ఇద్దరినీ ఒక ఇంట్లో ఉంచారు. తెల్లారేసరికి అతను శవమై ఉన్నాడు. డెబ్భై మందీ అగ్నిగుండంలో దిగారు. ఏడో శతాబ్దంలో తిరుజ్ఞానసంబంధర్ ఈ క్షేత్రం మీద పాడిన పదికంలోనే ఈ ఉదంతం సూచన ఉంది. కథ అంతకంటే పాతదన్నమాట. తమిళంలో దొంగ ఏడుపును ఇప్పటికీ నీలి కన్నీరంటారు.

బ్యాంకులో చేరిన కొత్తలో పూచీకత్తుల సెక్షన్లు బట్టీ పడుతుంటే నాకీ కథే గుర్తొచ్చేది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం ఆ డెబ్భై మంది తప్పించుకోగలిగేవాళ్ళా? 142వ సెక్షన్ చూడండి. అసత్యం చెప్పి తీసుకున్న పూచీ చెల్లదు. మొదట ఇది చదివి, అయ్యో, ఒక వకీలుంటే డెబ్భై మందీ బతికేవాళ్ళే అనుకున్నాను. తర్వాత జాగ్రత్తగా చదివాను. ఆ అసత్యం పూచీ పుచ్చుకున్నవాడు చెప్పి ఉండాలి, లేదా అతనికి తెలిసి జరిగి ఉండాలి. ఇక్కడ పూచీ పుచ్చుకున్నవాడు వ్యాపారి. అతను ఇది పిశాచమని నెత్తీ నోరూ కొట్టుకుని నిజమే చెప్పాడు. అబద్ధమాడింది నీలి. కనుక పూచీ చెల్లుతుంది. పోనీ 141వ సెక్షన్, చేతిలో ఉన్న హామీ వస్తువును పూచీదారు అనుమతి లేకుండా వదులుకుంటే ఆ మేరకు పూచీ తీరుతుందంటుంది. కత్తి వదిలించింది పూచీదారులే. అన్ని దారులూ మూసుకుపోయాయి. మన బలి చక్రవర్తి కూడా అంతే గదా. శుక్రాచార్యుడు ఇది మోసమని ముందే చెప్పాడు, ఆడితప్పినా దోషం లేని సందర్భాలు లెక్కపెట్టి చూపించాడు. బలి వినలేదు.

ఆ డెబ్భై మందికీ దండం పెట్టాల్సిందే. కాని కథ చెప్పేవాళ్ళు నొక్కి చెప్పే నీతి నాకెప్పుడూ నచ్చలేదు. ఆడదాని ఏడుపు నమ్మరాదని చెప్తారు. ఊరి పెద్దలు ఒక ఆడమనిషి మాటను మగవాడి మాటకు పైన పెట్టిన ఒకే ఒక్క కథ చెప్పుకుంటే, అందులో ఆమె పిశాచమై తీరాలా? పైగా నీలి చెప్పిన దానిలో పైపై వివరాలు అబద్ధం గాని, నన్ను నమ్మించి మోసం చేసిన మొగుడితడు అన్నది నిజమే. ఆమె మనిషిగా ఉండగా చంపబడినప్పుడు ఏ ఊరి పెద్దా కూచోలేదు. పిశాచమై వస్తే డెబ్భై మంది కూచున్నారు.

అదే తిరువాలంగాడులో ఇంకొక పేయ్ ఉంది. కారైక్కాల్ అమ్మయ్యార్. అరవైముగ్గురు నాయన్మార్లలో ముగ్గురే స్త్రీలు, వాళ్ళలో ఈమె ఒకరు. మొగుడు ఈమె మహిమ చూసి భయపడి వదిలేసి పోయి వేరే పెళ్ళి చేసుకున్నాడు. అప్పుడామె ఇక ఈ అందం ఎవరికి, నాకు పేయ్ రూపం ఇవ్వమని శివుణ్ణి అడిగి పుచ్చుకుంది. రత్నసభలో నటరాజు పాదాల దగ్గర కూచుని పాడింది. తనను తాను కారైక్కాల్ పేయ్ అనే చెప్పుకుంది. రైల్లో తిరువాలంగాడు స్టేషన్ దాటేటప్పుడల్లా అనుకుంటాను. ఒకామె పగ తీర్చుకోవడానికి పిశాచమయింది, ఒకామె దేవుడి దగ్గర కూచోవడానికి అయింది. మా కేసులో పిల్ల నాలుగు గంటల నిద్ర కోసం అయింది. ఐ. ఎం. లూయిస్ అనే మానవశాస్త్రజ్ఞుడు 1971లో ఒక పుస్తకం రాశాడు. నోరెత్తే హక్కు లేనివాళ్ళు, ముఖ్యంగా స్త్రీలు, పూనకం చాటున తమ ఫిర్యాదు చెప్పుకుంటారని అందులో వాదించాడు. మా అత్త ఆయన్ని చదవలేదు. ఆమె భాషలో చెప్పాలంటే, "బతికిన కోడలి మాట ఎవరు వింటారు? చచ్చిన కోడలి మాటైతే వింటారు."

నా భాషలో చెప్పాలంటే అది బేనామీ ఖాతా. జమ ఒకరిది, పేరొకరిది. పేరు వాడుకున్న మనిషి చనిపోయింది గనక అభ్యంతరం చెప్పదు. కాని ఆమెకు ఒక తల్లి ఉంది.

ఆ తల్లి అడిగిన ప్రశ్నకు అత్త ఏమందంటే, "లేదమ్మా, ఆకలి లేదంట. తింటా ఉందంట." అక్కడ నిజం చెప్పి ఉండాల్సిందని నేను అనుకుంటాను. మొదటి అబద్ధం ఆ రాత్రికి సరైనదే, రెండోది కాదు. చనిపోయిన కూతురు అల్లాడుతూ తిరుగుతోందని తల్లి చేత నమ్మించే హక్కు, ఎంత మంచి పనికైనా సరే, ఎవరికీ లేదు. అత్త బతికుండగా ఈ మాట ఆమెతో చాలాసార్లు వాదించాను. ఆమె జవాబు ఒక్కటే, "ఆ యమ్మకు చెప్తే మర్నాడు ఊరంతా తెలుస్తుంది. ఎల్లుండి ఆ పిల్ల మళ్ళీ రాట్నం ముందర ఉంటుంది. ఎవరి కడుపు కొట్టేది చెప్పు?" దీనికి నా దగ్గర జవాబు లేదు. అయినా నా అభిప్రాయం మార్చుకోలేదు.

తల్లి ఆ తర్వాత ప్రతి అమావాస్యకూ వచ్చేది. ఇంట్లో వండిన అన్నం, కూతురికి ఇష్టమైన ఉలవచారు గిన్నెలో కట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చి, సాయంత్రం ఆ బావి గట్టు మీద విస్తరి వేసి పెట్టేది. 1984 నుంచి 1995లో ఆమె పోయేదాకా పదకొండేళ్ళు. ప్రతిసారీ మా అత్త తిరుత్తణి బస్టాండులో ఆమెను కలుసుకుని వెంట వెళ్ళేది. ఒంట్లో బాగున్నా లేకున్నా, ఇంట్లో పెళ్ళిచూపులున్నా, కూతురి పురిటి నెల అయినా వెళ్ళేది. ఇద్దరికీ టికెట్టు అత్తే తీసేది. మామ విసుక్కుంటే, "పూచీ పడినాను గదా, కట్టొద్దా?" అనేది. డెబ్భై మంది ఒక్కరోజులో కట్టేశారు. మా అత్త వాయిదాల మీద కట్టింది. పొద్దున ఆ విస్తరి ఎప్పుడూ ఖాళీగా ఉండేదట. కాకులో కుక్కలో అనుకునేవాణ్ణి.

షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కానన్ డాయిల్ ఇంగ్లండులో ఇద్దరు ఆడపిల్లలు తీసిన దేవకన్యల ఫోటోలు నిజమని నమ్మి 1920లో పత్రికలో రాశాడు. కాగితం బొమ్మలు కత్తిరించి పెట్టి తీశామని ఆ పిల్లలు ఒప్పుకున్నది 1983లో. అప్పటికి ముసలివాళ్ళయ్యారు. పెద్దమనిషి నమ్మి రాశాక కాదనడానికి మొహం చెల్లలేదట. ఇలాంటి వాటిలో నిజం ఆలస్యంగానే వస్తుంది. మాకూ అంతే.

2019లో తిరువళ్ళూరులో నేను పనిచేసే శాఖకు ఒకామె కొడుకుతో వచ్చింది. కొడుకు ఇల్లు కొనుక్కుంటున్నాడు, తల్లి పూచీ సంతకం పెట్టాలి. కాగితాలు ముందు పెడితే ఆమె సంతకం పెట్టకుండా నా మొహం చూసి, "మీరు అడకత్తెరమ్మ మేనల్లుడు గదా?" అంది. ముప్ఫై అయిదేళ్ళయింది. కొడుకును జెరాక్సుకు పంపి కూచోబెట్టాను. ఇప్పుడామే అత్తగారు. మగ్గాలు ఎప్పుడో అమ్మేశారు. అత్త 2011లో పోయిందని చెబితే కళ్ళు తుడుచుకుంది. తర్వాత, ఎన్నాళ్ళ నుంచో దాచుకున్నట్టు, తానే చెప్పింది. దయ్యమూ లేదు, ఏమీ లేదు, నిద్ర చాలక అలా చేశానని. ఆ విస్తరిలో అన్నం తిన్నది కూడా తానేనని. "మొదట ఆకలికి తిన్నాను సార్. తర్వాత కడుపునిండా పెడతా ఉన్నారు. అయినా తిన్నాను. పొద్దున వచ్చి చూసినప్పుడు విస్తరి అట్లే ఉంటే ఆ యమ్మ ఏమైపోతుంది?" ఆ తల్లి పోయిన తర్వాత ఇప్పటికీ అమావాస్యకు ఆ గట్టు మీద ఇంత అన్నం పెడుతుందట. దాన్నెవరు తింటారో చూడబోనంది. ఈ సంగతులు ఊరు, పేరు లేకుండా రాసుకోవచ్చునని ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను.

"మీ అత్తకు తెలుసునా సార్?" అంది.

"తెలుసు. మొదటి రోజే తెలుసు."

"ఎట్ల?"

"మీరు తమిళంలో మాట్లాడారు. ఆవిడకు తమిళం ముక్క రాదు."

ఆమె నవ్వబోయి ఆగింది. "నాకెవరూ చెప్పలేదే" అంది. "ఆమె పెట్టెలో చీరలు కట్టుకున్నాను. ఆమె పీట మీదే కూచుని కండెలు చుట్టినాను. తమిళం రాదని తెలీదు సార్." కాసేపు ఊరుకుని, గొంతు తగ్గించి, "అయితే ఆ యమ్మ?" అంది.

అప్పుడు తట్టింది నాకు. ఇన్నేళ్ళూ ఎందుకు తట్టలేదో తెలియదు. ఆ తల్లి మా ఇంటికి రాకముందు వీధంతా తిరిగి దయ్యం ఏమేమన్నదో విని వచ్చింది. వీధిలో వాళ్ళు ఆ మాటలు తెలుగులో అభినయించి ఉండరు. తన బిడ్డకు ఏ భాష వచ్చో ఏది రాదో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

నేనేమీ అనలేదు. ఆమె నా పెన్ను తీసుకుని మూత తీస్తూ పెడుతూ చాలాసేపు కూచుంది. కొడుకు జెరాక్సులు పట్టుకుని వచ్చాడు. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమంది.